అనుకోకుండా తారసపడే విభాగం

దౌత్యమంటే కళ్లెదుట ఉన్నదాన్ని చూడలేదని హుందాగా చెప్పగలిగే మహావిద్య. దేశానికి ఇద్దరు అధ్యక్షులై, గెలిచింది నేనంటే నేనని కూర్చున్న కాలంలో ఆ దేశ రాజధాని కరాకస్‌లోని ఒక విదేశీ రాయబార కార్యాలయం ఈ విద్యకు ఏకంగా ఒక శాఖనే తెరిచింది. ప్రతిపక్షాన్ని కలిస్తే కుర్చీలో ఉన్నాయనకు కోపం, కలవకపోతే కుర్చీ నాదంటున్నాయనకు కోపం. అందుకని 'అనుకోకుండా తారసపడే విభాగం' పెట్టారు. (అనుకోకుండా తారసపడదలచినవారు మూడు వారాల ముందే దరఖాస్తు చేసుకోవాలి.)

ప్రతిపక్ష పార్టీలో విదేశీ వ్యవహారాలు చూసే యోలిమార్ దరఖాస్తు పెట్టింది. ఆమె భర్త ఎవెలియో తోవార్ ఓట్ల లెక్క కాగితాలు దాచాడని ఏడు నెలలుగా జైల్లో ఉన్నాడు. చక్కెర జబ్బు మనిషి. విదేశీ రాయబార కార్యాలయాల ప్రకటనల్లో పేరొచ్చిన ఖైదీలకే జైలువాళ్లు బయటి మందు రానిస్తున్నారు. ప్రకటనలో ఆ ఒక్క పేరు పడితే చాలునని ఆమె ఆశ.

విభాగాధికారి ఒస్మెల్ నియమాలు చదివి వినిపించాడు. స్థలం, మూలమీది బేకరీ. నిలబడే మాట్లాడాలి. కప్పులో కాఫీ అయ్యేలోపు మాటలూ అయిపోవాలి. రాయబారిని చూడగానే ఆశ్చర్యపోవాలి.

"మరీ నోరెళ్లబెట్టకండి మేడమ్," అన్నాడు. "పోయిన నెల ఒకాయన అలా చేస్తే అంబులెన్సు వచ్చింది."

యోలిమార్ వారం పాటు అద్దం ముందు ఆశ్చర్యపోయింది.

ఆ రోజు అంతా సవ్యంగానే మొదలైంది. ఆమె ఆశ్చర్యపోయింది, రాయబారీ ఆశ్చర్యపోయాడు. ఆమె నోరు తెరిచేసరికి కౌంటరు వెనక కాఫీ కలిపే నెప్తాలి కేకేశాడు.

"అధ్యక్షా, మీ కాఫీ!"

కరాకస్‌లో కౌంటరు వెనక మనిషి వచ్చిన ప్రతి మగాణ్నీ అధ్యక్షా అనే పిలుస్తాడు. ఊళ్లో ఎవరూ పట్టించుకోరు. నలుగురు ఒకేసారి చేతులు చాచారు. రాయబారి మాత్రం కొయ్యబారిపోయాడు. ఎవరికి దారిచ్చినా ఆ మనిషిని అధ్యక్షుడిగా గుర్తించినట్టే అవుతుందని ఆయన భయం.

యోలిమార్ ఆయనకు అడ్డంగా నిలబడింది. "అయ్యా, మా ఆయన పేరు ఎవెలియో తోవార్. ప్రకటనలో ఆ రెండు ముక్కలూ రాయించండి. ఇంకేమీ అడగను."

కాఫీ అయిపోయిందని చెప్పి రాయబారి వెళ్లిపోయాడు. (కప్పులో సగం మిగిలే ఉంది.) యోలిమార్‌కు ఒళ్లు మండింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండింటికీ నియమాల్లో చోటు లేదు.

మర్నాడు ప్రకటన వెలువడింది: "నిన్న బేకరీలో మేము ఎవరినీ గుర్తించలేదు."

జైలు అధికారి దాన్ని శ్రద్ధగా రెండుసార్లు చదివాడు. ఎవెలియో పేరున వచ్చిన ఇన్సులిన్ డబ్బా మీద "చిరునామాదారును ఎవరూ గుర్తించలేదు" అని రాసి వెనక్కి పంపాడు.