ఓడవాళ్ళ జెండాలు

నాలుగో తరగతి కొత్త టీచరు పొద్దున్నే రంగు కాగితాలతో ఓ కట్ట జెండాలు చేసుకుని బడికి వచ్చింది. ఆమెది తాత్కాలిక ఉద్యోగం. ఇవాళ ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి పాఠం బాగుందంటేనే ఖాయమవుతుంది. పాఠం ఓ చారిత్రక కథ. ఓడల్లో వచ్చినవాళ్ళు ఒడ్డున దిగి, ఖాళీగా కనిపించిన నేలంతా తమదేనని జెండాలు పాతేస్తారు. వేటకెళ్ళిన ఒడ్డువాళ్ళు తిరిగొచ్చి లబోదిబోమంటారు.

చదివి వినిపిస్తే ఎవరి బుర్రకెక్కుతుంది? ఆడించాలి. కథ రెండు ముక్కల్లో చెప్పి, సగంమందిని ఓడవాళ్ళను చేసి జెండాలు పంచింది.

"ఖాళీగా ఉన్న చోటల్లా జెండా పెట్టండి. అది మీదే!"

తరగతి గదిలోనే అని ఆమె చెప్పలేదు, పిల్లలు అడగలేదు. బోర్డు మీద ఆమె ఓడ బొమ్మ గీసి తెరచాపకు రంగు వేసేసరికి ఓడవాళ్ళు వరండా దాటేశారు. మంచినీళ్ళ కుళాయి వాళ్ళదైపోయింది. సుద్దముక్క కోసం వెళ్ళొచ్చేసరికి మూడో తరగతి టీచరు బల్లా పోయింది. కొత్త టీచరు లబలబలాడుతూ జెండాలు పీక్కుంటూ పరుగెత్తింది. డ్రిల్లు మాస్టారు ఆమె చేతిలో జెండాలు చూసి తన స్టూలు గట్టిగా పట్టుకున్నాడు.

"మీరూ మొదలెట్టారా మేడం?"

ఈలోగా హెడ్మాస్టరుగారు గేటు దగ్గర ఇన్‌స్పెక్టరమ్మకు స్వాగతం చెప్పి తన గదికి తీసుకొచ్చారు. గదిలో కుర్చీలన్నిటి మీదా జెండాలే. ఆయన కుర్చీలో మాత్రం జెండా పట్టుకుని, బడంతా సందేహాలమ్మ అని పిలిచే పిల్ల కూర్చుని ఉంది.

"లేవవే! అది నా కుర్చీ!"

"ఖాళీగా ఉందండీ. మాదైపోయింది."

"ఖాళీ ఏంటి? గేటుదాకా వెళ్ళొచ్చానంతే! పదిహేనేళ్ళుగా ఇందులోనే కూర్చుంటున్నా!"

పిల్ల ఆయనకేసి జాలిగా చూసింది.

"ఒడ్డువాళ్ళు కూడా అచ్చం ఇలాగే అన్నారండీ, పాపం."

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన టీచరు ఉద్యోగం ఊడినట్టే అనుకుంది. ఇన్‌స్పెక్టరమ్మ మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది.

"పాఠం పిల్లలకి అర్థమైందో లేదో చూద్దామని వచ్చా. హెడ్మాస్టరుగారికి కూడా అర్థమైంది. ఇంకేం కావాలి?" అంటూ, కూర్చునే చోటు లేక నిలబడే, ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం మీద సంతకం పెట్టింది.

టీచరుకు కళ్ళు చెమర్చాయి. "నీ మేలు ఈ జన్మలో మర్చిపోనే తల్లీ!" అని పిల్లను దగ్గరకు తీసుకుంది. హెడ్మాస్టరుగారికీ చేతులెత్తి దణ్ణం పెట్టింది.

"నాకెందుకమ్మా దణ్ణాలు? నేను ఒడ్డువాణ్ణి," అన్నారాయన.

తర్వాత ఓడవాళ్ళతో చర్చలు జరిగి, సాయంత్రానికి ఆయనకు సగం కుర్చీ దక్కింది.