మంత్రిగారి గుద్దలి

మా లేఔట్ మురుగు కాలువకు మంచి రోజులు వచ్చాయని రామాంజినప్పగారు ఫ్లెక్సీ ద్వారా ప్రకటించారు. ఆ ఫ్లెక్సీ నా చీరల షాపు బోర్డును పూర్తిగా కప్పేసింది కాబట్టి శుభవార్త అందరికంటే ముందు నాకే తెలిసింది. ఆదివారం మంత్రిగారు స్వయంగా వచ్చి కాలువ పనులకు గుద్దలి పూజ చేస్తారట. బెంగళూరులో ఏ పనైనా గుద్దలి పూజతోనే మొదలవుతుంది. చాలా పనులు దానితోనే పూర్తవుతాయి కూడా.

రామాంజినప్పగారు మాజీ కార్పొరేటర్. ఎన్నికలు ఎప్పుడు జరిగితే అప్పుడు కాబోయే కార్పొరేటర్. మధ్యలో ఖాళీగా ఉండటం ఇష్టం లేక ప్రజాసేవ చేస్తుంటారు.

మాది బొమ్మనహళ్ళి పక్కన ప్లాన్ ప్రకారం కట్టిన లేఔట్. ప్లాన్ గీసినవాళ్ళు ఇక్కడ పెంకుటిళ్ళు వస్తాయనుకున్నారు. వచ్చినవి నాలుగంతస్తుల పీజీ హాస్టళ్ళు. కాలువ ఒక్కటే మాట తప్పకుండా, ప్లాన్‌లో ఉన్న వెడల్పులోనే ఉండిపోయింది. వాన పడితే వీధి నీళ్ళన్నీ నా షాపు సెల్లార్‌లోకి దిగుతాయి. సెల్లార్ నిండా వరమహాలక్ష్మి పండుగకు తెచ్చిన పట్టుచీరలు. తడిసిన సరుకును చిక్కపేట హోల్‌సేల్ వాళ్ళు వెనక్కి తీసుకోరు. మురుగు వాసన కొట్టే పట్టు ఏ లక్ష్మీ కట్టుకోదు. అందుకే ఫ్లెక్సీకి మనసులోనే దండం పెట్టాను. పైగా సన్మానానికి శాలువాలు, తలకు పెట్టే మైసూరు పేటా నా దగ్గరే తీసుకుంటామని మాటిచ్చారు. నష్టం సెల్లార్‌లో ఉంది, లాభం శాలువాల్లో ఉంది. వ్యాపారమన్నాక రెండు వైపులా చూసుకోవాలి.

శనివారం పొద్దున ఏర్పాట్లు చూడటానికి వచ్చిన ఇంజినీర్ బసవరాజుగారు ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నారు.

"సార్, ఈ స్మెల్‌లో మినిస్టర్ టూ మినిట్స్ కూడా నిలబడరు."

"ఊదుబత్తులు ముట్టిద్దామా?" అన్నారు రామాంజినప్పగారు.

"చాలవు సార్. జెట్టింగ్ మిషన్ తెప్పిస్తాను."

నేను ఆగలేకపోయాను. "ఆ మిషన్ కోసమే గదా సార్, మేం ఏండ్ల తరబడి అర్జీలు ఇస్తా ఉండేది?"

"అది రొటీన్, రాయప్పా. దానికి ఫైల్ కదలాలి. ఇది వీఐపీ మూవ్‌మెంట్. ఫోన్ చాలు."

మధ్యాహ్నానికల్లా అంజి అనే డ్రైవర్ మిషన్ లారీ తెచ్చాడు. లోపలికి పైపు దించి బురదంతా పీల్చేశాడు. కాలువ గొంతు సవరించుకుని గలగలా పారింది. నా షాపులో పనిచేసే నేత్రావతి తొంగిచూసి, "అన్నా, అడుగు కనపడతా ఉండాది!" అని కేకేసింది. అంజికి నేనే కాఫీ ఇప్పించాను.

రామాంజినప్పగారి ముఖం మాత్రం వాడిపోయింది.

"ఏం పని చేసినావప్పా బసవరాజూ! నీళ్ళు పోతా ఉండాయి!"

"పోవాలనే కదా సార్..."

"రేపు మంత్రి దేనికి పూజ చెయ్యాల? పారే కాలువకా? పేపరోళ్ళు ఫోటో తీస్తే నా టికెట్ గతేం గావాల? ముందెట్లుండెనో అట్లే చేసెయ్."

బసవరాజుగారు పెద్ద చదువులు చదివినవారు. వెంటనే గ్రహించారు. ఇసుక మూటలు తెప్పించి, సరిగ్గా నా షాపు ముందే కాలువకు అడ్డుకట్ట వేయించారు. దానికి 'టెంపరరీ బ్లాకేజ్' అని సాంకేతిక నామకరణం కూడా చేశారు. కంపు ఉండకూడదు, అడ్డు మాత్రం ఉండాలి. ఇలాంటి కాలువను ఒక్క పూటలో తయారుచేయడం అందరివల్లా అయ్యే పని కాదు.

"సార్, నా సెల్లార్..." అన్నాను.

"ఒక్క రాత్రే గదన్నా, ఓర్చుకో. అభివృద్ధి అంటే త్యాగం ఉండాల. ఇంకో రెండు శాలువాలు ఎక్కువ తీసుకుంటాంలే," అన్నారు రామాంజినప్పగారు.

త్యాగం చేశాను.

ఆదివారం తెల్లవారేసరికి మూటల వెనక నీళ్ళు నిండి నా షాపు మెట్టును తాకుతున్నాయి. మంత్రిగారు వచ్చారు. నాదస్వరం మోగింది. పేటా పెట్టి గుద్దలి అందించారు. ఆనవాయితీ ప్రకారం దాన్ని నేలకు తాకించి ఫోటో దిగితే చాలు. కానీ మంత్రిగారు వయసులో కుస్తీలు పట్టిన మనిషి. కెమెరాలను చూసి ఉత్సాహం వచ్చింది. గుద్దలి తలపైకెత్తి ఒక్కటేశారు. మూట పగిలింది. ఇసుక జారింది. నిలిచిన నీళ్ళన్నీ బిలబిలమంటూ వెళ్ళిపోయాయి.

అందరికంటే ముందు తేరుకున్నది రామాంజినప్పగారే.

"ఒక్క దెబ్బ!" అని మైకులో అరిచారు. "ఒకే ఒక్క దెబ్బతో గంగను పారించిన మన అభినవ భగీరథుడికి..."

"జై!" అన్నారు జనం. సెల్లార్ పొడిగా ఉంది కనుక నేనూ అన్నాను.

మంత్రిగారు తన చేతులవైపు కాసేపు చూసుకుని, "ఇది మీ ఆశీర్వాదం," అన్నారు వినయంగా. పని పూర్తయింది కాబట్టి ప్రజాధనం వృథా చేయకుండా టెండర్ రద్దు చేస్తున్నట్టు అక్కడికక్కడే ప్రకటించారు. చప్పట్లు మోగిపోయాయి. రామాంజినప్పగారి బామ్మర్ది ఒక్కడే కొట్టలేదు. ఆ టెండర్ అతనికి రావాల్సింది.

గుద్దలిని వార్డు ఆఫీసులో గాజుపెట్టెలో పెట్టారు. వారం తిరక్కుండానే పక్క లేఔట్ వాళ్ళు వచ్చి, తమ కాలువకూ ఆ గుద్దలే కావాలని ధర్నాకు కూర్చున్నారు. జెట్టింగ్ మిషన్ పంపుతామని బసవరాజుగారు నచ్చచెప్పబోతే, "మాకేమన్నా సెకండ్ క్వాలిటీ అంటగడతారా?" అని తిరగబడ్డారు. ప్రజల కోరికను ప్రభుత్వం గౌరవించింది.

పండుగ ముందురోజు అంజి నా షాపుకు వచ్చాడు.

"మీటరు ఎర్రపట్టు ఇయ్యన్నా. గుద్దలికి కప్పాల."

"నీ మిషన్ ఏమాయె అంజీ?"

"ఊడబీకి వేలమేసినారన్నా. లారీ మింద మంటపం కట్టి గుద్దలిని పెట్టినారు. డ్రైవర్ని నేనే. రేపు అత్తిబెలె దిక్కు పోతాము."

"మా కాలువలో మళ్ళీ బురద నిండతా ఉండాదప్పా."

"బుక్ చేసుకోన్నా. నీ ముందర చానామంది ఉండారు."

పట్టుగుడ్డ కత్తిరిస్తుంటే బయట ఉరిమింది. సెల్లార్ మెట్లమీద చప్పుడైతే తిరిగి చూశాను. నేత్రావతి చంకనిండా చీరలు పెట్టుకుని పైకి వస్తోంది.

"ఏమ్మా, మంత్రిగారి గుద్దలి మింద నమ్మకం లేదా నీకు?"

"నాకుండాదన్నా," అంది ఆగకుండానే. "వానకే ఇంకా తెలిసినట్టు లేదు."

అంజి నేనిచ్చిన పట్టుగుడ్డను బల్లమీద పెట్టి, చొక్కా చేతులు మడుచుకుని, ఆమె వెనకే సెల్లార్‌లోకి దిగాడు.