మంత్రిగారు సర్వర్ లేపిన వైనం

మా సికింద్రాబాద్ పౌర సేవా కేంద్రంలో రికార్డులన్నీ కడుపులో పెట్టుకుని మూర్ఛపోయిన, లైనక్స్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే సర్వర్‌ను మాన్య మంత్రి తుకారాం గారు సాయంత్రం నాలుగింటికి స్వహస్తాలతో లేపుతారని గేటు మీద ఫ్లెక్సీ వెలిసింది. అంతటి చారిత్రక ఘట్టానికి క్యూలో నిలబడి నేను సాక్షినయ్యాను. నా జన్మ ధన్యం.

నా ముందు సీతాఫల్‌మండి ఊర్మిళ ఉంది. కూతురి బర్త్ సర్టిఫికెట్ అయిదింటిలోగా స్కూల్లో ఇవ్వకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారట. పొద్దుట్నుంచీ ఆమె కళ్ళు గోడ గడియారం మీదే ఉన్నాయి.

మధ్యాహ్నం సిస్టమ్ ఇంజనీరు రఘునాథ్ ఒక ఘోరమైన పొరపాటు చేశాడు. పని చేశాడు. తనంతట తాను లేవని సర్వర్‌ను బయటినుంచి లేపే ఎమర్జెన్సీ డిస్క్ ఒకటుంటుంది, అది వేశాడు. స్క్రీన్ వెలిగింది. రికార్డులన్నీ క్షేమం. ఊర్మిళ కూతురి పేరు కూడా కనబడింది. పట్టలేని ఆనందంతో నేను పక్కాయన్ని కౌగిలించుకున్నాను. ఆయనెవరో నాకు తెలీదు.

కేంద్రం అధికారి రామభద్రరావు గారు పరిగెత్తుకొచ్చారు.

"నువ్వే లేపేస్తే మంత్రిగారొచ్చి ఏం లేపుతారయ్యా? ముందు దాన్ని పడుకోబెట్టు."

"సార్, ఒక్క ప్రింటిచ్చి పండబెట్టుండ్రి. నా బిడ్డ సీటు పోతది," అంది ఊర్మిళ.

ఇంకా లేవని సర్వర్‌లోంచి ప్రింటు రావడం ప్రోటోకాల్ ఉల్లంఘన అని ఆయన ఎంతో ఓపిగ్గా వివరించారు. రఘునాథ్ డిస్క్ తీసి స్విచ్ ఆపేశాడు.

మంత్రిగారు నాలుగున్నర దాటాక వేంచేశారు. పూజారి గారు డిస్క్‌ను వెండి పళ్ళెంలో పెట్టి, రెండు వైపులా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. మెరిసే వైపు రాస్తే మెషీను చదవలేదని రఘునాథ్ గొణిగితే, కొత్త కారుకు ఒక్క చక్రానికే బొట్టు పెడతామా నాయనా అన్నారు. కొబ్బరి నీళ్ళు కీబోర్డును అభిషేకించాయి. మంత్రిగారు డిస్క్ లోపలికి తోశారు. అది గరగరమంది. స్క్రీన్ నల్లగానే ఉంది.

"గిట్ల నల్లగున్నదేంది?" అన్నారు మంత్రిగారు.

"లైనక్స్ నలుపేనండీ. రంగులుంటే వైరస్," అన్నారు రామభద్రరావు గారు.

జిందాబాద్‌లు మిన్నంటాయి. డప్పులు మోగాయి. నేనూ చిందులేశాను. అంత చక్కటి నలుపు నేనెన్నడూ చూడలేదు.

మొదటి లబ్ధిదారుగా ఊర్మిళను వేదిక ఎక్కించి, తలుపంత అట్ట సర్టిఫికెట్ బహూకరించారు. దాని మీద మంత్రిగారి ఫొటో నిండుగా ఉంది. ఊర్మిళ ఒకసారి గడియారం వైపు, ఒకసారి అట్ట వైపు చూసింది.

"నా బిడ్డ పేరేది సార్?"

మంత్రిగారు ఆమె తల మీద చెయ్యి పెట్టారు.

"సర్వర్ లేచినంక వచ్చి రాయించుకో, బిడ్డా."