ఆడా మగా చెప్పబడును

ఆదివారం పొద్దున భానుప్రియ వేసుకున్న పథకం చిన్నదే. ల్యాబులో కరెంటు మరమ్మతు ఉండటంతో పండ్ల ఈగల సీసాలను ఏ.ఎస్. రావు నగర్‌లోని తన ఫ్లాటుకు తెచ్చుకుంది. గూళ్ళలోంచి అప్పుడే బయటపడిన ఈగలను మంచు మీద మత్తుగా పడుకోబెట్టి, మైక్రోస్కోపు కింద ఆడవాటినీ మగవాటినీ వేరుచేయాలి. ఆలస్యమైతే అవి జతకడతాయి, ఇన్నాళ్ళ పరిశోధన గంగలో కలుస్తుంది.

"ఆడదానికీ మగదానికీ లోపలి జన్యువులు ఒకటేనంటావేటమ్మా?" వంటింట్లోంచి అత్తగారు రాజులమ్మ కేకేసింది.

"ఇంచుమించు ఒకటే అత్తయ్యా! జన్యువులుండే డీఎన్ఏ పోగు బిగుతుగా చుట్టుకున్నచోట జన్యువు నోరు మెదపదు. వదులైనచోట పనిచేస్తుంది. ఆ చుట్టనే క్రొమాటిన్ అంటాం. మగ ఈగకి ఎక్స్ క్రోమోజోమ్ ఒక్కటే కదా, దాన్ని ఇంకా వదులుచేసి రెట్టింపు పని చేయించుకుంటుంది."

"మగోడు రెట్టింపు పని చేస్తన్నాడా? ఈ దేశపు ఈగ కాదేటి?"

"ఉండండి! రెండు నిమిషాల్లో ఆడో మగో చూసి చెప్పేస్తాను!" అని భానుప్రియ గట్టిగా అరిచింది.

సరిగ్గా అప్పుడే, పెరుగు తోడు కోసం వచ్చిన పైఫ్లాటు మాధురి నవ్వుకుంటూ బయటికి వెళ్ళింది. ఆమెకు ఐదో నెల. లిఫ్టు దగ్గరున్న అసోసియేషన్ అధ్యక్షుడు సుబ్బరాజు ఆ అరుపు విన్నాడు, మాధురి కడుపు చూశాడు, నవ్వు చూశాడు. 'మగపిల్లాడన్నమాట' అనుకున్నాడు. వెంటనే వాట్సాప్ గ్రూపులో దొంగచాటు స్కానింగ్ అని పెట్టాడు. జనం కాఫీలు తాగేలోపు మిషన్లు రెండయ్యాయి. టిఫిన్లు అయ్యేసరికి అదొక ముఠా అయింది.

జనాన్ని వెంటేసుకుని సుబ్బరాజు గుమ్మంలోకి వచ్చాడు. "కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడం నేరవండి! ఆ మిషను మూసెయ్యండి, లేదంటే ఆఫీసర్లని పిలుస్తానండి!"

"ఇవి ఈగలండీ," అంది భానుప్రియ. ఎవరూ నమ్మలేదు. ఆమెకు ఒళ్ళు మండింది. "అయితే పిలవండి. నేను మాత్రం లేవను."

"ఫ్లాటు ఖాళీ చేయిస్తానండి!"

"చేయించండి. ముందు ఈ ట్రే అవనివ్వండి."

రాజులమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మా కోడలు పనిలో ఉంది. ఎవులు లోపలికొస్తారో రండి, సూస్తాను!"

ఆరోగ్యశాఖ అధికారిణి యామిని వచ్చేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు. యామిని మైక్రోస్కోపులోకి చాలాసేపు చూసింది.

"ఏందమ్మా, గివి ఈగలా?"

"ఈగలేనండీ. పొట్ట చివర నల్లగా ఉన్నది మగది."

యామిని జనం వైపు తిరిగింది. "సెలవు పూట ఈగల కోసం పరేషాన్ చేసిన్రా నన్ను?"

జనం మెల్లగా జారుకున్నారు. భానుప్రియ కుంచెతో మరో ఈగను పక్కకు జరిపింది. క్షమాపణ చెబుతాడేమో, చెప్పినా ఒప్పుకోకూడదు అనుకుంటుండగా సుబ్బరాజు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఇంత చిన్న ఈగకే చెప్పగలుగుతున్నారు కదండీ. మా కోడలికి నాలుగో నెలండి. మగపిల్లాడో కాదో కాస్త చూసిపెడతారేమోనని..."

భానుప్రియ మైక్రోస్కోపు నుంచి తలెత్తింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న యామిని మళ్ళీ విప్పేసి లోపలికొచ్చింది.

"ఏంది సార్? జెర మళ్ళొక్కసారి చెప్పుండ్రి."

ఆ మధ్యాహ్నం అసోసియేషన్ అత్యవసర సమావేశానికి అధ్యక్షుడు తప్ప అందరూ హాజరయ్యారు.