వియ్యంకుల పెరుగన్నం

ఆ ఆదివారం గోవర్ధన్‌కి ఉన్న పని ఒక్కటే: షాద్‌నగర్ నుంచి వచ్చే పిల్ల తండ్రి పక్కన కూర్చుని కడుపునిండా మటన్ తినడం. కొడుకు రాజుకి ముప్పై రెండో ఏట ఎట్టకేలకు కుదిరిన సంబంధం. మాటలు అయిపోయాయి. ఇక వియ్యంకులిద్దరూ ఒకే పంక్తిలో, ఒకే కూర తింటే ఖాయమైనట్టు. తినకుండా లేస్తే మాట వెనక్కి తీసుకున్నట్టు. వాళ్ల కులంలో అది ఆనవాయితీ. జన్మలో ఏ పనికీ తనకు ఇంత అర్హత ఉన్నట్టు గోవర్ధన్‌కి అనిపించలేదు.

చిక్కల్లా ఎనిమిది రోజుల కిందటి రక్తపరీక్షతో వచ్చింది. అతను ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. నీరసంగా ఉందని భార్య అరుణ ఫోన్లోంచి పరీక్ష బుక్ చేశాడు. అందులో పాత వివరాలేవో నిండే ఉన్నాయి. మళ్లీ ఎవడు కొడతాడని అలాగే నొక్కేశాడు. రక్తం తీయడానికొచ్చిన ఆకిఫ్ గుమ్మంలో నిలబడి, "అరుణ గారిల్లు ఇదేనా?" అని అడిగితే, "ఇదే, జర జల్ది తియ్యి భాయ్, డ్యూటీకి పోవాలె" అని చెయ్యి చాచాడు.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. యూరిక్ యాసిడ్ ఆరు పాయింట్ ఏడు, పక్కనే పైకి చూస్తున్న ఎర్ర బాణం. మిగతాదేదీ అతను చదవలేదు. బాణం చాలు.

దాన్ని క్యాబుల పార్కింగులో చూపించడం రెండో తప్పు. "మటన్ బంద్ భాయ్," అన్నాడు తోటి డ్రైవర్ షుజాత్. ఒకడు పప్పు మాన్పించాడు, ఇంకొకడు టమాటా, పాలకూర తీయించాడు. అందరూ దయతలచి వదిలేసింది పెరుగన్నం. రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగమన్నారు గనక ఎయిర్‌పోర్టు దారిలో గగన్‌పహాడ్ దాటేలోపు రెండుసార్లు బండి ఆపేవాడు. "నా ఫ్లైటు నీకోసం ఆగుతదా?" అని ఒక ప్యాసింజర్ అరిచాడు కూడా.

"ఈ సంగతి బయటపడొద్దు. ఇంట్ల రోగముందంటే పిల్లనిస్తరా?" అన్నాడు అరుణతో.

"మటన్ ముట్టకుంటె ఇస్తరా?" అందామె.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పాపం, గోవర్ధన్‌కి నిజంగానే భయం పట్టుకుంది.

ఆదివారం మధ్యాహ్నం జీపు వచ్చింది. పిల్ల తండ్రి బాలమల్లు కొద్దిగా కుంటుతూ దిగి, "కొత్త చెప్పు కరిసింది బావా," అన్నాడు. వెంట చెల్లెలు మాధవీలత, మరో నలుగురు. మాధవీలత ఊళ్లో ఒక ల్యాబులో పనిచేస్తుంది.

పంక్తి వేశారు. మటన్ వాసనకి గోవర్ధన్ కళ్లు మూసుకుని పెరుగన్నం కలుపుకున్నాడు.

"ఏంది బావా, ముక్క ఏసుకోవా?" అన్నాడు బాలమల్లు.

"ఇయ్యాల ఒక్కపొద్దు," అన్నాడు గోవర్ధన్, నోటినిండా అన్నంతో.

సరిగ్గా అదే క్షణంలో వంటింట్లోంచి అరుణ, "ఆయనకు కడుపుల మంచిగ లేదన్నా," అంది. బామ్మర్ది కొండల్ తన వంతు సాయం చేశాడు. "మా బావ మొక్కుకున్నడు. పెండ్లయ్యేదాక ముట్టడు."

బాలమల్లు చేతిలోని ముక్క మెల్లగా పళ్లెంలోకి దిగిపోయింది. అతన్ని చూసి పక్కవాడు, వాణ్ణి చూసి మరొకడు చేతులు ఆపేశారు. "వండినోళ్లే తింటలేరంటే కూర పాతదేమో," అని ఒక గొంతు. "కూర గాదు, వీళ్ల మనసే మారింది," అని ఇంకో గొంతు. బాలమల్లు చెయ్యి కడుక్కోవడానికి లేవబోయాడు.

దాచి పోగొట్టుకునేకంటే చెప్పి పోగొట్టుకోవడమే నయమనిపించింది గోవర్ధన్‌కి. "ఆగు బావా! నాకు యూరిక్ యాసిడ్ ఉంది!" అని ఫోన్ ముందు పెట్టాడు.

దాన్ని మాధవీలత అందుకుంది. ఆమె బాణం దగ్గర మొదలుపెట్టలేదు, పైనుంచి చదివింది.

"యూరిక్ యాసిడ్ అందరికుంటదన్నా, ఎంతుందనేదే చూడాలె. గీ రిపోర్టు మీద అరుణ, ఆడ, నలభై తొమ్మిదేండ్లు అనుంది. గీమె ఎవరు?"

"నా భార్య. రక్తం మాత్రం నాదే."

"మిషన్‌కేం ఎరుక? ఈ ల్యాబుల ఆడోళ్లకు ఆరు దాటితే బాణమేస్తరు. మొగోళ్లకు ఏడు దాక సరే. మీకు కీళ్ల నొప్పులు, వాపు లేకుంటె పరేషాన్ గాకుర్రి. మీ పేరుమీద ఇంకోసారి చేపిచ్చి డాక్టర్‌కు చూపెట్టుర్రి."

ఎనిమిది రోజులుగా మానేసిన పప్పు, టమాటా గుర్తొచ్చి గోవర్ధన్ కళ్లు చెమ్మగిల్లాయి. "అరుణా, మటన్ తే! ముందుగాల బావకెయ్యి!"

బాలమల్లు పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టి, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. మాధవీలత అన్నవైపు చూసింది. "ఇగ నీది గూడ చెప్పు."

అతను కుంటికాలు బయటికి చాపాడు. బొటనవేలు ఎర్రగా ఉబ్బి ఉంది. "నాది తొమ్మిదిన్నర బావా. డాక్టరు మటన్ బంద్ జెయ్యమన్నడు. చెప్తే సంబంధం పోతదని నోరు మూసుకున్న. నువ్వు పెరుగు కలుపంగనే పానం లేచొచ్చింది."

అందరూ గొల్లున నవ్వారు, గోవర్ధన్ తప్ప. అతని చూపు మటన్ గిన్నె మీదే ఉంది. ఆ గిన్నెను అరుణ పక్కకు జరిపి, ఇద్దరి పళ్లేల్లోనూ పెరుగన్నం వడ్డించింది.

"వియ్యంకులిద్దరు ఒక్కతీరుగ తినాలె గద," అంది.

అలా సంబంధం ఖాయమైంది. మటనంతా రాజు తిన్నాడు; అతనికి ఇంకా ఎవరూ పరీక్ష చేయించలేదు.