నాంచారమ్మ గిర్నికి మ్యాపు

చిరు వ్యాపారుల కష్టాలను వంద రోజుల్లో తీర్చేస్తున్నట్టు సూక్ష్మ వ్యాపారాల మంత్రిగారు సూర్యాపేటలోని ఒక ఫంక్షన్ హాల్లో ప్రకటించారు. చిరు వ్యాపారి ఎప్పటికీ చిరు వ్యాపారిగానే ఎందుకు మిగిలిపోతున్నాడో ఇన్నేండ్లుగా ఎవరికీ అంతుపట్టలేదని, తనకు మాత్రం మొన్న ఎయిర్‌పోర్టులో విమానం లేటయి కూర్చున్నప్పుడు తట్టిందని, అదంతా మ్యాపు లేకపోవడం వల్లేనని సెలవిచ్చారు.

"దేశానికి మ్యాపుంది. రాష్ట్రానికి మ్యాపుంది. పిండి గిర్నికి ఎందుకు లేదు?" అని అడిగారు.

హాల్లో ఎవరి దగ్గరా జవాబు లేకపోవడంతో చప్పట్లు కొట్టారు. చివరి వరసలో కూర్చున్న నాంచారమ్మ కూడా కొట్టింది. ఆమెకు చివ్వెంల పోయే దారిలో నిజంగానే ఒక పిండి గిర్ని ఉంది.

ఇరవై రెండేండ్ల నుంచి ఆ గిర్ని నడుపుతోంది నాంచారమ్మ. ఉన్నది ఒక్కటే మిషన్. జొన్నలూ దాంట్లోనే, బియ్యమూ దాంట్లోనే, పసుపూ కారమూ దాంట్లోనే పట్టాలి. అందుకని ఆమె ఒక వరస పెట్టుకుంది. పొద్దున జొన్నలు, తర్వాత బియ్యం, మధ్యాహ్నం దాటాక పసుపు, అన్నిటికన్నా ఆఖరున కారం. కారం పట్టాక మిషన్ లోపల జల్లెడలా ఉండే జాలీ విప్పి, దులిపి, రెండు కిలోల నూకలు పోసి ఆడిస్తే గానీ మళ్లీ పిండి పట్టేది కాదు. దానికి అరగంట పైనే పట్టేది. మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. మిరపకాయలు ఎండే కాలం వచ్చిందంటే మాత్రం గిర్ని ముందు డబ్బాల వరస రోడ్డు దాకా పోయేది. అందుకే కారానికి వేరుగా ఇంకో మిషన్ ఇప్పించమని మూడేండ్ల కింద దరఖాస్తు పెట్టుకుంది. ఆ ఫైలు ఏదో ఒక టేబులు మీద సుఖంగానే ఉందని తెలిసినవాళ్లు చెబుతుండేవారు.

మీటింగయ్యాక పార్టీ కార్యకర్త కొండల్ ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు.

"అక్కా, నీ అదృష్టం పండింది. జిల్లాల మొట్టమొదటి మ్యాపు నీ గిర్నికే."

"మ్యాపు ఏం చేసుకుంట తమ్మీ? నాకు మిషన్ గావాలె."

"మ్యాపు ఉన్నోళ్లకే మిషనక్కా. మ్యాపు లేని ఫైలును సార్ ముట్టుకోడు."

మరుసటి వారం కోదాడ నుంచి సాంసన్ గారు దిగారు. మంత్రిగారి మ్యాపుల పథకానికి కోఆర్డినేటర్. చక్కటి మనిషి, మాట మెత్తన. ఆయనతో ఇద్దరు మనుషులు, మూడు ల్యాప్‌టాప్‌లు, ఒక స్టాప్‌వాచీ వచ్చాయి. పొలం పనులకు పోతూ ఆడవాళ్లు తమ డబ్బాలు వరసలో పెట్టి పోయారు. ఈ ఊళ్లలో డబ్బాయే మనిషి. డబ్బా ముందుంటే మనిషి ముందున్నట్టే. సాంసన్ గారు అరవై ఒక్క డబ్బాలు లెక్కపెట్టి, "నిరీక్షణ భరించలేక వినియోగదారులు ఆస్తులను వదిలి వెళ్లిపోతున్నారు" అని రాసుకున్నారు.

నాలుగు రోజులు ఆమె పక్కనే నిలబడి చూశారు. ఐదో రోజు గిర్ని గోడకు పన్నెండడుగుల ఫ్లెక్సీ కట్టారు. అదే మ్యాపు. దాని మీద నలభై మూడు గుండ్రాలు, వాటి మధ్య బాణాలు. నాంచారమ్మ సంచి విప్పడం ఒక గుండ్రం, సంచి కట్టడం ఒక గుండ్రం. ఆమె చెమట తుడుచుకోవడానికి ఎర్ర గుండ్రం పెట్టారు. ఎర్రవన్నీ వృథా పనులట.

"ఇదిగోండి నాంచారమ్మ గారు, మీ జబ్బు ఇక్కడుంది" అని సాంసన్ గారు అన్నిటికన్నా పెద్ద ఎర్ర గుండ్రం చూపించారు. "కారం పట్టాక ముప్పై నాలుగు నిమిషాలు మిషన్ ఖాళీగా ఉంటోందండి. పైగా రెండు కిలోల నూకలు దండగ. ఇంకోటి, ముందొచ్చిన వాళ్లను ఆపి వెనకొచ్చిన వాళ్లకు పట్టిస్తున్నారు. ఇది అన్యాయం కదండీ. రేపట్నుంచి టోకెన్ పద్ధతి. ఎవరు ముందొస్తే వాళ్లకి ముందు. మధ్యలో ఆపేది లేదు."

"సారూ, కారం పట్టినంక జొన్నలు పోస్తే పిండి మండుతది."

సాంసన్ గారు ఓపిగ్గా నవ్వారు. "అది క్వాలిటీ వాళ్ల విషయమండి. మేం కెపాసిటీ వరకే చూస్తాం."

"మరి క్వాలిటీ వాళ్లెప్పుడొస్తరు?"

"ఆ విభాగం ఇంకా మంజూరు కాలేదండి."

నాంచారమ్మ టోకెన్ పద్ధతి వద్దందామనుకుంది. పద్ధతి పాటించిన వాళ్లకే రెండో మిషన్‌లో ప్రాధాన్యమని కాగితంలో రాసి ఉందని కొండల్ చదివి వినిపించాడు. మూడేండ్లు ఆగినదాన్ని, ఇంకొక్క నెల ఆగలేనా అనుకుని ఊరుకుంది.

టోకెన్ మిషన్ మొదటి రోజు బ్రహ్మాండంగా పనిచేసింది. ఒకటి నుంచి ఆరు దాకా కారం. ఏడో నంబరు ఉప్పలమ్మ జొన్నలు. ఉప్పలమ్మది ఆ పక్క వీధే, నాంచారమ్మకు వరసకు వదినె అవుతుంది. ఆ పిండితో చేసిన రొట్టె ఉప్పలమ్మ పెనిమిటి పెంటయ్య ఒక ముక్క తిన్నాడు. లేచి వెళ్లి బిందెలో నీళ్లు సగం తాగాడు. తర్వాత వచ్చి కూర్చుని, మిగతా రొట్టె కూర లేకుండానే తిన్నాడు.

తెల్లారి ఉప్పలమ్మ పిండి గిన్నె పట్టుకొని వచ్చింది.

"ఏం పిండే వదినె ఇది? మా ఆయన ముక్కు ఇంక కారుతనే ఉన్నది."

"నేనేం జేయనే. టోకెన్ అట్ల వచ్చింది."

అక్కడే ఉన్న సాంసన్ గారు వివరాలన్నీ అడిగి తెలుసుకున్నారు. కూర లేకుండా రొట్టె తిన్నాడన్న మాట ఆయన్ను బాగా ఆకట్టుకుంది. "వినియోగదారుల ఇంట కూర ఖర్చు ఆదా" అని ప్రయోజనాల పట్టికలో చేర్చుకున్నారు.

వారం తిరిగేసరికి పసుపు రంగు బియ్యప్పిండి, ఎర్ర రంగు శనగపిండి ఊరంతా చేరాయి. ఎవరో పుట్టినరోజుకు మురుకులు చేస్తే వచ్చినవాళ్లంతా మజ్జిగ తాగి పోయారు. ఒక్కొక్క డబ్బా ఆత్మకూర్ (ఎస్) దారి పట్టింది. అక్కడ కాటయ్య గిర్ని ఉంది, దానికింకా మ్యాపు రాలేదు. రోడ్డు దాకా ఉండే వరస అరుగు దాకా వచ్చింది, అరుగు మీంచి గడప దాకా వచ్చింది. నెల నిండే రోజున ఒక్క డబ్బా లేదు. ఇరవై రెండేండ్లలో పండగనాడు కూడా గిర్ని అట్లా మూగవోలేదు. నాంచారమ్మ కుర్చీలో కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఊరి పిండి పాడుచేసిన పేరు తనకే వచ్చిందన్న బాధ ఆమెను లోపల్లోపల తినేసింది.

అదే రోజు సాంసన్ గారు నివేదిక పంపారు. నిరీక్షణ సమయం సున్నా. కెపాసిటీ సమస్య నూటికి నూరు శాతం పరిష్కారం. ఇట్లాంటి ఫలితం ఏ దేశంలోనూ రాలేదని ఆయనకే కొంచెం అనుమానం వచ్చిందిగానీ, అంకెలు అబద్ధం చెప్పవు కదా.

ఆ సున్నాను స్వయంగా చూడడానికి మంత్రిగారు వస్తున్నారని కబురొచ్చింది. గిర్నికి సున్నం వేశారు. అరుగు మీద ఎర్ర తివాచీ పరిచారు. మంత్రిగారి ముందే జొన్నలు పట్టించి, ఆ పిండితో రొట్టె చేసి, అది ఆయన తింటుండగా ఫొటో తీయాలని కార్యక్రమం. రొట్టె చేసే పని ఉప్పలమ్మకు అప్పజెప్పారు.

పొద్దున ఏడింటికే కొండల్ ఒక సంచి మోసుకొచ్చాడు. మంత్రిగారికి మధ్యాహ్నం తన ఇంట్లో మటన్ భోజనం. దానికని పది కిలోల మిరపకాయలు. మూడు కిలోలు భోజనానికి, మిగతావి ఇంటికి. బటన్ నొక్కితే టోకెన్ నంబర్ ఒకటి వచ్చింది. తర్వాత మంత్రిగారి జొన్నలకు నొక్కితే రెండు.

కారం పట్టడం అయింది. నాంచారమ్మ చెయ్యి అలవాటు కొద్దీ జాలీ మీదికి పోయింది. పక్కనే నూకల బస్తా ఉంది. రెండు కిలోలు పోసి ఆడిస్తే మంత్రిగారు మంచి రొట్టె తిని, మంచి గిర్ని అని మెచ్చుకుని పోతాడు. ఫైలు ఇంకో మూడేండ్లు పండుకుంటుంది. అదే ఒక్క ముక్క నోట్లో పెట్టుకున్నాడంటే, చదువుకున్న మనిషి, ఎందుకు రెండో మిషన్ అడుగుతున్నదో ఆయనకే అర్థమవుతుంది. దరఖాస్తులో రాస్తే తెలియని సంగతి నాలుకకు తెలుస్తుంది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

మంత్రిగారు పదకొండింటికి వచ్చారు. జొన్నలు ఆయన చేత్తోనే పోయించారు. ఉప్పలమ్మ పెనం మీద రొట్టె వేసేసరికి ఘాటు లేచింది. తహసీల్ స్థాయి అధికారులు తుమ్మారు, జిల్లా స్థాయి అధికారులు ఆపుకున్నారు. మంత్రిగారు ముక్క తెంపి నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. ముఖం ఎర్రబడింది. రెండు కళ్ల నుంచీ నీళ్లు ధారగా కారాయి. కెమెరాలన్నీ ఒక్కసారి మీదికి వచ్చాయి.

"సార్, కన్నీళ్లెందుకు సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

మంత్రిగారు కండువాతో ముక్కు తుడుచుకున్నారు. ముప్పై ఏండ్ల ప్రజాజీవితం ఉన్న మనిషి కాబట్టి మాట దొరికింది.

"ఈ రొట్టెలో పేదోడి కష్టం ఉన్నది" అన్నారు.

కొండల్ ముందుగా జై కొట్టాడు. వెనక వచ్చిన ఒక చానెల్ వాళ్లు తమకు కన్నీళ్లు సరిగ్గా పడలేదని గొణిగారు. మంత్రిగారు ఒక్క క్షణం ఆలోచించి ఇంకో ముక్క తెంపి పెట్టుకున్నారు. కన్నీళ్లు మళ్లీ వచ్చాయి. ఈసారి కుడి కన్ను కెమెరా వైపు ఉండేట్టు నిలబడ్డారు.

ఆ సందడిలోనే నాంచారమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"సారూ, జూసిన్రు గదా. గిందుకే నేను రెండో మిషన్ అడుగుతున్న. ఒక్కదాంట్లనే కారం, పిండి పడితే గిట్లనే అయితది. రెండోది ఇస్తే మళ్ల ఇట్ల కాదు. మా ఊరోళ్లు మళ్ల నా కాడికొస్తరు."

మంత్రిగారు తడి కళ్లతో ఆమెను చూశారు, పెనాన్ని చూశారు, మిషన్‌ను చూశారు. చేతిలో మిగిలిన రొట్టెను వాసన చూశారు.

"అర్థమైందమ్మా. పూర్తిగా అర్థమైంది" అని ఆమె తల మీద చెయ్యి పెట్టారు.

ఆ మాట విని నాంచారమ్మ గుండె నిండిపోయింది. ఆ మధ్యాహ్నమే గోడవార ఇంకో మిషన్‌కు చోటు కొలుచుకుంది. కాటయ్య గిర్నికి పోయి మరీ ఇద్దరు ముగ్గురికి చెప్పి వచ్చింది. మంత్రి తిన్నడు, సంగతి ఆయనకు తెలిసింది, జర ఓపిక పట్టుండ్రి అని. తెల్లారి పేపర్లన్నిటిలోనూ మొదటి పేజీలో మంత్రిగారి కుడి కన్నే ఉంది. సాంసన్ గారిని మిర్యాలగూడకు పిలిపించి శాలువా కప్పారు.

ఎనిమిదో రోజు గిర్ని ముందు ఆటో ఆగింది. నాంచారమ్మ గబగబా బయటికి వచ్చింది. కొండల్ దిగాడు. ఆటోలో మిషన్ లేదు. పది కిలోల మిరపకాయల సంచి, ఇరవై కిలోల జొన్నల బస్తా ఉన్నాయి.

"సార్ పంపిండక్కా. మొన్నటి పిండి లెక్కనే ఉండాలన్నడు. నూకలు పొయ్యొద్దని మరీ మరీ చెప్పిండు."

"గంత పిండి దేనికి?"

"మిర్యాలగూడ దిక్కు వాన కొట్టింది గదా. వడ్లన్నీ తడిసి మొలకలొచ్చినయి. రేపు సార్ రైతులను పరామర్శ చేస్తుండు. రైతు ఇంట్ల రొట్టె తింటడు."

నాంచారమ్మ ఆ బస్తా వంక చూసింది.

"మరి నా ఫైలో?"

"సార్ టేబుల్ మీదనే ఉన్నదక్కా, అబద్ధమెందుకు. మొన్న నా ముందలనే తీసి సదివిండు. రెండో మిషన్ ఇస్తే కారం వేరు, పిండి వేరు అయితది గదా అని అడిగిండు. అయితది సార్ అన్న. ఇగ అప్పుడు ఫైలు మూసి పక్కన పెట్టిండు."

కొండల్ తనే వెళ్లి టోకెన్ బటన్ నొక్కి, మిరపకాయల సంచి తెచ్చి ఆమె ముందు దించాడు.

"జల్ది పట్టక్కా. ఆగక్కా, ఇంకో ముచ్చట. రేపు పొలాల్ల గాలుంటదట, కెమెరాలు దూరం నిలవడ్తయట. ఘాటు జర ఎక్కువ పెట్టుమన్నడు."