చెక్క పాదాలు కడిగిన రోజు

ఆ ఉదయం బూట్ల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే జడ్జిగారి బూట్లకు తోలు బిగించాలి. సాయంత్రం ఐదింటికి, ఎదుటి రెడీమేడ్ బూట్ల షోరూము యజమాని కాగితాలు తెస్తే కళ్ళు మూసుకుని సంతకం పెట్టాలి. మొదటి సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. రెండోది ఆయనకొక్కడికే తెలుసు. తాత పెట్టిన కొట్టు మూసేసి, ఆ గదిని షోరూముకు గోదాముగా ఇచ్చేస్తున్నానని భార్యకు చెప్పడానికి ఆయన పది రోజులుగా మంచి సమయం చూస్తున్నాడు. అలాంటి కబురుకు మంచి సమయం ఏ గడియారంలోనూ ఉండదు.

నాలుగు నెలలుగా వచ్చిన బేరం జడ్జిగారిదొక్కటే. పాతవాళ్ళు లేక కాదు. మేస్త్రి కుట్టిన జత పన్నెండేళ్ళయినా చెక్కుచెదరదు. పాతది చిరగందే కొత్తది ఎవరడుగుతారు? ఆయన పనితనమే ఆయన కొంప ముంచింది.

ఆయన భార్య పథకం ఇంకా చిన్నది. భర్త దారం కొనడానికి బజారుకు వెళ్ళొచ్చేలోగా కొట్టు కాస్త శుభ్రం చేద్దామనుకుంది. గోడ పొడవునా అరల్లో ముప్పై ఆరు జతల చెక్క పాదాలున్నాయి. ఒక్కో మనిషి కాలు కొలిచి, ఎక్కడ బొడిపె ఉందో ఎక్కడ గుంట ఉందో చూసి, అచ్చం అలాగే చెక్కినవి. వాటిమీద తోలు బిగించి కుడితేనే బూటు ఆ కాలికి అతికినట్టు సరిపోతుంది. ఏళ్ళ తరబడి వాటికి పట్టిన మట్టి చూసి ఆవిడ ప్రాణం చివుక్కుమంది. తొట్టెలో వేణ్ణీళ్ళు పోసి, సబ్బు కలిపి, పీచుతో తోమి, డెబ్బై రెండింటినీ పెరట్లో ఎండబెట్టింది.

మడమల మీద సుద్దతో రాసిన పేర్లు కూడా శుభ్రంగా పోయాయి.

బూట్ల పైతోలు కుట్టే కూతురు పెరట్లోకి వచ్చి, ఉన్నచోటే కూలబడింది. "అమ్మా! వీటిలో జడ్జిగారి కాళ్ళేవి?"

"ఏవో రెండు ఆయనవే అయ్యుంటాయి కదే."

"ఏ రెండు?"

ఆవిడ ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేదో మర్యాదస్తుడి కాలులాగే ఉంది."

మేస్త్రి తిరిగి వచ్చేసరికి ఇద్దరూ తిట్లకు సిద్ధపడి నిలబడ్డారు. ఆయన ఎండలో బారులు తీరిన పాదాలను చాలాసేపు చూశాడు. రేపటినుంచి వీటితో పనేముంది అనుకున్నాడు.

"జడ్జిగారి కాలు మళ్ళీ కొలుచుకుంటాలే. మిగతావి... పోనీలే" అని లోపలికి వెళ్ళిపోయాడు.

తల్లీకూతుళ్ళు కొయ్యబారిపోయారు. సుత్తి ఒక అంగుళం జరిపి పెడితేనే ఇల్లు పీకి పందిరేసే మనిషి! ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ ఆ నోట 'పోనీలే' అన్న మాట వినలేదు. కూతుర్ని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"మీ నాన్నకి ఒంట్లో బాగాలేదే. పైకి చెప్పట్లేదు."

"ముందు ఈ కాళ్ళ సంగతి తేల్చేద్దాం అమ్మా. అందర్నీ ఒక్కసారి రమ్మంటే, ఎవరివి వాళ్ళకి పోల్చి రాసేసుకోవచ్చు. నాన్న మీద భారం పడదు."

కూతురు ఆర్డర్ల పుస్తకం తెరిచి మొదటి ఫోను టైలరుగారికి చేసింది.

"బాబాయిగారూ, ఇవాళే ఒకసారి కొట్టుకొచ్చి కాలు చూపించి వెళ్ళండి."

"నా కాలికేమైందమ్మా?"

"మీ కాలికేం కాలేదండీ. నాన్నకే ఒంట్లో కాస్త... అవన్నీ ఫోన్లో చెప్పేవి కావు. రేపంటే మాత్రం కుదరదు."

రెండో ఫోను చేయాల్సిన అవసరం రాలేదు. టైలరు నోట్లో నువ్వుగింజ నానదు. మేస్త్రికి బాగాలేదట, కొట్టు మూసేస్తున్నారట అని ఆయన సంగీతం మాస్టారికి చెప్పాడు. మేస్త్రి రోజులు లెక్కపెట్టుకుంటున్నాడట, అందర్నీ చివరిచూపు చూడాలని అడుగుతున్నాడట అని మాస్టారు పోస్టాఫీసులో చెప్పారు. పోస్టాఫీసు గుమ్మం దాటేసరికి మేస్త్రి పోయాడు.

మధ్యాహ్నం మూడింటికి, పోయిన మేస్త్రి నేలమీద కూర్చుని జడ్జిగారి కాలు కొలుస్తుండగా, సంగీతం మాస్టారు పెద్ద తెల్లపూల గుత్తితో గుమ్మంలోకొచ్చి ఆగిపోయారు.

"ఆ పూలెవరికి మాస్టారూ?"

"మీకే. అంటే... మీరు బాగానే ఉన్నారన్నమాట."

"బాగానే ఉన్నాను."

"చాలా సంతోషం" అని మాస్టారు పూలను వీపు వెనక్కి దాచుకున్నారు.

ఆయన వెనకాల టైలరు, టైలరు వెనకాల ఇంకా ఎందరో. వరుస వీధి మలుపు దాకా వెళ్ళింది. మేస్త్రి బతికే ఉన్నాడన్న వార్త వెనక్కి పాకుతుంటే, మూసేస్తున్న మాట మాత్రం నిజమేనన్న వార్త ముందుకు పాకింది. షోరూములో పనిచేసేవాళ్ళంతా అద్దాలకు ముక్కులు ఆనించి చూస్తున్నారు. కూతురు ఒక్కొక్కరి కాలూ చూసి, కేకేసి చెబుతుంటే, తల్లి పెరట్లోంచి చెక్క పాదాలు మోసుకొస్తోంది.

"మూసేముందు నాకు రెండు జతలమ్మా!"

"నాకు మూడు. మా తమ్ముడికొకటి!"

మేస్త్రి భార్య చేతిలోని పాదాన్ని ఠపీమని బల్లమీద పెట్టి, స్టూలెక్కింది. "ఎవరండీ ఆ కూత కూసింది? మా ఆయన కొట్టు మూసేస్తే ముందు నాకు చెప్పరా? కట్టుకున్నదాన్ని, నాకు తెలియకుండా ఈ ఇంట్లో సూదైనా కదులుతుందా?"

ఆవిడ వెనక మేస్త్రి, తేలు కుట్టిన దొంగలా, జడ్జిగారి కాలినే నాలుగోసారి కొలుస్తున్నాడు.

సరిగ్గా ఐదింటికి షోరూము యజమాని జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చాడు. "మేస్త్రిగారూ, సంతకం ఎక్కడెక్కడ పెట్టాలో పెన్సిలుతో గుర్తులు పెట్టించాను. గది రేపే ఖాళీ చేస్తామన్నారుగా."

 భార్య స్టూలు దిగి, కాగితాలు అందుకుని, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివింది.

"పొద్దున 'పోనీలే' అన్నది ఇందుకా?"

"ఎవరూ రావట్లేదు కదా అని..." మేస్త్రి కొలత టేపును వేలికి చుట్టసాగాడు. "నీకెలా చెప్పాలో తెలీలేదు."

"ఎవరూ రావట్లేదా? మరి వీళ్ళెవరు?"

మేస్త్రి తలెత్తి చూశాడు. గుమ్మంలో, అరుగు మీద, వీధి పొడవునా జనం ఒట్టికాళ్ళతో నిలబడి ఉన్నారు. ప్రతివాళ్ళ చేతుల్లోనూ విప్పిన బూట్లు. అన్నీ ఆయన కుట్టినవే. టైలరు చేతిలోవి పద్నాలుగేళ్ళ నాటివి, ఒక్క కుట్టూ వదల్లేదు. ఇన్నేళ్ళ తన పనిని ఇలా ఒక్కచోట ఆయన ఎన్నడూ చూసుకోలేదు. అంత బాగుంటుందని ఆయనకే తెలియదు. మోకాళ్ళు దులుపుకుని లేచాడు. భార్య చేతిలోంచి కాగితాలు తీసుకుని, మడత నలగకుండా యజమానికి అందించాడు.

"గది ఖాళీ లేదండీ. చూస్తున్నారుగా, నిలబడటానికే చోటు లేదు."

జడ్జిగారు ఒంటికాలిమీద లేచి నిలబడ్డారు. "ఎవరికైనా అభ్యంతరమా?" అని వీధికంతా వినబడేలా అడిగారు. ఎవరికీ లేదు. చప్పట్లు మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చాయి. మాస్టారు ఇక దాచేదేముందని తెల్లపూలు తీసి మేస్త్రి భార్య చేతిలో పెట్టారు. ఆవిడ వాటిని భర్త చేతిలోకి నెట్టి, "ఇంకోసారి దాచారంటే వీటితో పని పడుతుంది" అని, ఏడుస్తూనే నవ్వింది.

పొద్దు వాలేలోగా ముప్పై ఆరు జతలూ తేలాయి. కూతురి పుస్తకంలో అరవై మూడు కొత్త ఆర్డర్లు చేరాయి. జనం పల్చబడ్డారు. షోరూము యజమాని మాత్రం కదల్లేదు. అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరికి వేసి, కుడి బూటు విప్పాడు. లోపల మూడు పొరల దూది బయటపడింది.

"నాకీ కాలు చిన్నది మేస్త్రిగారూ. మా దగ్గర వేల జతలున్నాయి గానీ..."

కూతురు పుస్తకం తిరగేసి, ఆయన వంతు పద్నాలుగు నెలల తర్వాత వస్తుందని చెప్పింది. అప్పటిదాకా చెప్పులతో సర్దుకుంటానన్నాడు ఆయన.